పాత డీజిల్ ట్రాలీ కొనబోయే ముందు వేయాల్సిన లెక్కలు

ఏడాదికి 16,049 రూపాయలు. స్థూల బరువు 7,500 కిలోలు మించని సరుకు రవాణా బండికి థర్డ్ పార్టీ బీమా ప్రీమియంగా 2022లో కేంద్రం ఖరారు చేసిన మొత్తం ఇది. జీఎస్టీ అదనం. నిన్న షోరూం నుంచి బయటికొచ్చిన బొలెరో పికప్‌కైనా, పదిహేనేళ్ల కిందటి టాటా ఏస్‌కైనా ఇదే అంకె. బండి పాతబడిందని థర్డ్ పార్టీ బీమా ఒక్క రూపాయి కూడా తగ్గదు.

దీన్ని కిలోమీటర్ల మీద పంచి చూడండి. నెలకు పాతిక రోజులు, రోజుకు 60 కిలోమీటర్ల చొప్పున కిరాయికి తిరిగే బండి ఏడాదికి 18,000 కిలోమీటర్లు నడుస్తుంది. బీమా భారం కిలోమీటరుకు 89 పైసలు. పొలానికీ మార్కెట్ యార్డుకూ మధ్య రోజుకు పది కిలోమీటర్లు తిరిగే రైతు బండి ఏడాదికి 3,000 కిలోమీటర్లు దాటదు. దాని మీద కిలోమీటరుకు 5 రూపాయల 35 పైసలు పడుతుంది. లీటరు డీజిల్ 96 రూపాయలు, మైలేజీ 16 అనుకుంటే కిలోమీటరుకు డీజిల్ ఖర్చే 6 రూపాయలు. అంటే ఆ రైతు డీజిల్‌కు ఎంత పెడుతున్నాడో, బీమాకూ దాదాపు అంతే పెడుతున్నాడు.

పాత ట్రాలీ చవకా, ఖరీదా అన్నది బండి మీద రాసి ఉండదు. కొనేవాడి పని మీద ఆధారపడి ఉంటుంది. ఒకరికి బంగారం లాంటి బండి మరొకరిని అప్పులపాలు చేస్తుంది. అందుకే పాత బళ్లు అమ్మే కన్సల్టెన్సీకి వెళ్లే ముందే రెండు అంకెలు కాగితం మీద రాసుకోవాలి: రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది, ఒక్కో ట్రిప్పుకు ఎన్ని కిలోలు మోస్తుంది. ఈ రెండూ తేలకుండా బండి చూడటానికి వెళ్తే, అమ్మేవాడు చూపించిందే నచ్చుతుంది.

ఎన్ని బస్తాలు?

మన ఊళ్లలో ట్రాలీ ఆటో అనగానే గుర్తొచ్చే టాటా ఏస్ 2005లో వచ్చింది. 702 సీసీ, రెండు సిలిండర్లు, 16 హార్స్‌పవర్, 750 కిలోల మోత. త్రీవీలర్ ఆటోకూ పెద్ద లారీకీ మధ్య ఉన్న ఖాళీని అది పూరించింది. కాబట్టే పన్నెండేళ్లలో 20 లక్షల బళ్లు అమ్ముడయ్యాయి. ఇన్ని తిరుగుతున్నాయి కనుకే మండల కేంద్రంలోని చిన్న షెడ్డులో కూడా దాని సామాను దొరుకుతుంది, దాన్ని విప్పి బిగించే చెయ్యి దొరుకుతుంది. పాత బండి విషయంలో నేను అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇచ్చేది ఈ గుణానికే.

750 కిలోలంటే 50 కిలోల సిమెంటు బస్తాలు 15. మన దగ్గర ధాన్యం బస్తా 75 కిలోల లెక్కన 10. పాతిక కిలోల టమాటా ట్రేలైతే 30. అంతే. ఇరవై సిమెంటు బస్తాలు వేస్తే మోతకు మించి 33 శాతం ఎక్కువ వేసినట్టు. బండి ఆ రోజుకు కదులుతుంది. కానీ ఆ బరువంతా కమాన్ కట్టల మీద, వెనక టైర్ల మీద, క్లచ్ ప్లేటు మీద, బ్రేకుల మీద పడుతుంది. ఇలా ఏళ్ల తరబడి నడిచిన బండినే రేపు మీరు సెకండ్ హ్యాండ్‌లో కొంటారు.

మీ పని ఎప్పుడూ టన్ను పైనే ఉంటే ఏస్ వైపు చూడకండి. 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్ 1,250 కిలోలు మోస్తుంది. సిమెంటైతే 25 బస్తాలు, ధాన్యమైతే 16. మహీంద్రా బొలెరో పికప్ 2,523 సీసీ ఇంజిన్‌తో రకాన్ని బట్టి 1,250 నుంచి 1,700 కిలోల దాకా వస్తుంది. తిరుపతి దగ్గర శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు డీ-మ్యాక్స్ కూడా టన్ను పైబడిన తరగతిదే. మంచి బండి, కానీ దాని సామాను కోసం పట్టణానికి పోవాల్సిందే. పల్లెలో ఉండి కిరాయిలకు తిప్పేవారికి నేను దాన్ని సూచించను.

మారుతీ సూపర్ క్యారీ డీజిల్ గురించి వేరుగా చెప్పాలి. 2016లో 793 సీసీ, రెండు సిలిండర్లు, 32 హార్స్‌పవర్‌తో వచ్చింది. మోత 740 కిలోలు. అంటే ఏస్ మోసే బరువే, దానికి రెట్టింపు శక్తితో. పాడేరు ఘాట్ ఎక్కేవారికి, శ్రీశైలం దారిలో సరుకు వేసుకుపోయేవారికి ఈ తేడా ఒంటికి తెలుస్తుంది. అయితే ఇదే ఇంజిన్‌ను వాడిన సెలేరియో డీజిల్ కారు 2017లోనే ఆగిపోయింది. 2020 ఏప్రిల్ నుంచి మారుతీ మొత్తం డీజిల్ బళ్లకే స్వస్తి చెప్పింది. ఇంజిన్ బతికున్నంత కాలం బాగుంటుంది, దాని సామాను మాత్రం రాన్రాను అరుదవుతుంది. ఇంకో పదేళ్లు ఉంచుకుందామనుకునేవారికి ఇది సరైన ఎంపిక కాదు.

చట్టంలోనూ ఒక అంకె గుర్తుంచుకోవాలి: 3,000 కిలోలు. బండి బరువు, సరుకు బరువు కలిపిన స్థూల బరువు అంతకు మించకపోతే మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. పికప్‌లలో పెద్ద రకాలు కొన్ని ఈ గీత దాటతాయి. ఆర్‌సీ మీద స్థూల బరువు చదవకుండా ‘దీనికి పర్మిట్ గొడవ లేదన్నా’ అన్న మాట నమ్మకండి. ఓవర్‌లోడ్‌కు 2019 సవరణ తర్వాత కేంద్ర చట్టంలో జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకూ మరో 2,000. లైసెన్సు విషయంలో మాత్రం ఊరట ఉంది. 7,500 కిలోల లోపు రవాణా బండిని లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతోనే నడపవచ్చని సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 నవంబరులో తేల్చిచెప్పింది.

ఏ ఏడాది బండి?

సెకండ్ హ్యాండ్ డీజిల్‌లో రెండు తేదీలు గీత గీసినట్టు ఉంటాయి. 2017 ఏప్రిల్ 1, 2020 ఏప్రిల్ 1. మొదటి తేదీ నుంచి దేశమంతటా బీఎస్-4 కాలుష్య ప్రమాణాలు, రెండో తేదీ నుంచి బీఎస్-6. హైదరాబాద్ సహా కొన్ని నగరాల్లో బీఎస్-4 అంతకు ముందే, 2010 నుంచే మొదలైంది.

ఈ గీతలు ఇంజిన్ స్వభావాన్నే మార్చాయి. పాత ఏస్‌లో పంపు, నాజిళ్లు అన్నీ యాంత్రికమే. కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. డీజిల్‌లో కాస్త చెత్త వచ్చినా ఫిల్టర్ మార్చి, నాజిల్ కడిగించి నడిపేస్తారు. కామన్ రైల్ ఇంజిన్లలో డీజిల్ వెయ్యి బార్ పైచిలుకు ఒత్తిడితో చిమ్ముతుంది. శక్తి, మైలేజీ, నిశ్శబ్దం అన్నీ మెరుగే. కానీ ఇంజెక్టర్ పోతే ఊరి మెకానిక్ చేతిలో పని కాదు. స్కానర్ కావాలి, కొత్త ఇంజెక్టర్ కావాలి. బీఎస్-6లో వీటికి తోడు పొగను శుద్ధి చేసే పరికరాలు చేరాయి. వాటి చరిత్ర తెలియకుండా, సర్వీసు రికార్డు చూడకుండా సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవడం ప్రమాదమే.

ఇప్పుడు దొరికే డీజిల్ పాత ఇంజిన్లకు సరిపడదేమో అన్న అనుమానం కొందరికి ఉంది. గంధకం బీఎస్-3 కాలంలో పది లక్షల పాళ్లలో 350 దాకా ఉండేది, బీఎస్-4లో 50కి, ఇప్పుడు 10కి దిగింది. ఇంధనం శుభ్రపడింది కనుక పాత ఇంజిన్‌కు నష్టం లేదు. అసలు ఇబ్బంది కల్తీతోనే, డబ్బాల్లో నిల్వ ఉంచి నీరు చేరిన డీజిల్‌తోనే.

ఆర్‌సీ మీద రిజిస్ట్రేషన్ తేదీ ఒక్కటే చూసి ఊరుకోకండి, తయారైన నెల, సంవత్సరం చూడండి. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు బీఎస్-3 బళ్ల అమ్మకాన్ని ఏప్రిల్ 1 నుంచి నిషేధించడంతో మిగిలిపోయిన స్టాకును చివరి రెండు రోజుల్లో తగ్గింపు ధరలకు వదిలించుకున్నారు. ఆ వారంలో కొని, ఏప్రిల్‌లో రిజిస్టర్ అయిన బండి చూడటానికి ‘2017 మోడల్’. లోపల ఉన్నది బీఎస్-3, తయారీ 2016 కావచ్చు. ధర చెప్పేటప్పుడు మాత్రం దాన్ని బీఎస్-4 లెక్కనే చెబుతారు.

ఢిల్లీ బళ్ల సంగతీ ఇక్కడే. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు ఢిల్లీ పరిసరాల్లో తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అప్పటి నుంచి ఆ గడువుకు దగ్గరపడ్డ బళ్లు ఇతర రాష్ట్రాలకు తరలుతున్నాయి. ధర తక్కువగానే పలుకుతుంది. కానీ అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, ఇక్కడి పన్ను, ఏడాది లోపు ఇక్కడి నంబరుకు మార్పు, ఇవన్నీ కొనేవాడి నెత్తిన పడేవే. ఎన్‌ఓసీ చేతికి రాకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

పాతదా, కాస్త కొత్తదా?

ఇద్దరు మనుషుల్ని ఊహించుకుందాం. ఒకరు కిరాయిలు తిప్పేవారు, నెలకు 1,500 కిలోమీటర్లు. మరొకరు సొంత పంట తోలుకునే రైతు, నెలకు 250. ఇద్దరి ముందూ రెండు బళ్లున్నాయి. ధరలు లెక్క కోసం అనుకున్నవి, మీ ఊరి ధరలు వేసి మళ్లీ చూసుకోండి.

పెద్ద వయసు బండి 1.40 లక్షలు, చేతికొచ్చాక 60 వేల పని. మొత్తం 2 లక్షలు. మూడేళ్ల తర్వాత 80 వేలకు పోతుందనుకుంటే తరుగు 1.20 లక్షలు, నెలకు 3,333. చిన్న వయసు బండి 2.80 లక్షలు, పని 20 వేలు, మొత్తం 3 లక్షలు. మూడేళ్లకు 1.70 లక్షలు వస్తే తరుగు 1.30 లక్షలు, నెలకు 3,611. ఇంతవరకు తేడా మూడు వందల లోపే.

ఇప్పుడు మైలేజీ చేర్చండి. బాగున్న ఇంజిన్ 16 ఇస్తోంది, అలసిన ఇంజిన్ 13. కిరాయి బండికి నెలకు 1,500 కిలోమీటర్ల మీద మొదటి దానికి డీజిల్ 9,000, రెండో దానికి 11,077. అంటే అలసిన ఇంజిన్ నెలకు 2,077 రూపాయలు, ఏడాదికి దాదాపు పాతిక వేలు అదనంగా తాగుతుంది. ఇక షెడ్డులో గడిచే రోజులు. కిరాయి మనిషికి రోజుకు 1,500 మిగులుతుందనుకుంటే, పాత బండి నెలకు రెండు రోజులు ఆగితే 3,000 పోయినట్టు. కొత్తది సగం రోజు ఆగితే 750. అయితే కొత్తదానికి లక్ష ఎక్కువ పెట్టాలి. ఆ లక్షకు నూటికి రెండు రూపాయల వడ్డీ వేస్తే నెలకు 2,000.

కూడితే కిరాయి మనిషికి పాతది నెలకు 8,410, కొత్తది 6,361. మూడేళ్లలో 73 వేల పైచిలుకు తేడా. లక్ష ఎక్కువ పెట్టి, దానికి వడ్డీ కట్టి కూడా అతనికి చిన్న వయసు బండే చవక.

రైతు లెక్క తిరగబడుతుంది. 250 కిలోమీటర్ల మీద మైలేజీ తేడా నెలకు 346 రూపాయలే. బండి ఒకరోజు ఆగితే మర్నాడు తోలుకుంటాడు, పోయే కిరాయి లేదు. అతనికి పాతది 3,679, కొత్తది వడ్డీతో కలిపి 5,611. రైతుకు పాతదే సరైనది. ఇంజిన్ ఎంత యాంత్రికంగా, సులువుగా ఉంటే అంత మేలు.

రైతు ఇంకొక లెక్క కూడా వేయాలి, అసలు కొనాలా అని. తరుగు 3,333, థర్డ్ పార్టీ బీమా నెలకు 1,337, కలిపి 4,670. ఒక కిరాయి 1,200, సొంత బండైతే ఆ ట్రిప్పుకు డీజిల్ 200 అనుకుంటే ట్రిప్పుకు వెయ్యి మిగులుతుంది. అంటే నెలకు అయిదు ట్రిప్పులైనా ఉండాలి, రిపేర్లు కాక. ఆ 2 లక్షలూ రెండు రూపాయల వడ్డీకి తెస్తే మరో 4,000 చేరి ట్రిప్పులు తొమ్మిదవుతాయి. కోత కాలంలో రెండు నెలలు మాత్రమే బండి కావాల్సిన రైతును ఎవరైనా బండి కొనమని తొందరపెడుతుంటే, ఆ తొందర రైతు మేలు కోసం కాదు.

ధర బేరమాడేటప్పుడు చాలామంది మరిచిపోయే సంగతి ఒకటి ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా బళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పన్నుకు ముందు 5 లక్షలుండే కొత్త బండి 6.40 లక్షల నుంచి 5.90 లక్షలకు వచ్చింది. దాని వెనక సెకండ్ హ్యాండ్ ధరలూ దిగాలి. ‘పోయినేడాది ఇలాంటిదే ఇంతకు అమ్మాను’ అని కన్సల్టెన్సీ వారు అంటే, ఆ తేదీ ఈ తగ్గింపుకు ముందో తర్వాతో అడగండి. దానికి తోడు 2025 జూన్‌లో టాటా 750 కిలోల మోతతోనే ఏస్ ప్రోను 3.99 లక్షల ప్రారంభ ధరకు తెచ్చింది. అది పెట్రోలు, సీఎన్‌జీ, విద్యుత్ రకాల్లో వస్తుంది, డీజిల్ లేదు. అయినా కొత్త బండి ఆ ధరలో దొరుకుతున్నప్పుడు ఆరేడేళ్ల డీజిల్‌కు మూడున్నర లక్షలు పెట్టడంలో అర్థం లేదు.

ఇంజిన్ ముందు

బండి చూడటానికి తెల్లవారుజామునే వెళ్లండి. ముందు రోజు రాత్రి నుంచి స్టార్ట్ చేయని బండి కావాలని ముందే చెప్పండి. ఏస్‌లో ఇంజిన్ సీటు కిందే ఉంటుంది. సీటు ఎత్తి చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే మీరు రాకముందే ఎవరో స్టార్ట్ చేసి ఉంచారు. మరోరోజు రండి.

డీజిల్ ఇంజిన్‌లో నిప్పురవ్వ ఉండదు. గాలిని ఇరవయ్యో వంతుకు అటూ ఇటూగా నొక్కేసరికి పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. రింగులు అరిగితే గాలి పక్కనుంచి జారిపోతుంది, వేడి పుట్టదు. అందుకే చలిలో తొలి సెల్ఫ్ అంతా చెప్పేస్తుంది. హీటర్ లైటు ఆరాక ఒకటి రెండు సెల్ఫ్‌లకు అందుకుంటే సరే. పదేపదే గిరగిరా తిప్పాల్సి వస్తే హీటర్ ప్లగ్గులైనా పోయి ఉండాలి, కంప్రెషనైనా పోయి ఉండాలి. మొదటిది చిన్న ఖర్చు, రెండోదైతే ఇంజిన్ దింపాల్సిందే.

స్టార్ట్ అయ్యాక ఆయిల్ పోసే మూత తీసి చూడండి. అక్కడి నుంచి పొగ భుసభుసా తన్నుకొస్తుంటే మెకానిక్కులు దాన్నే బ్యాక్ కంప్రెషన్ అంటారు. సైలెన్సర్ నుంచి నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ మండుతోంది. తెల్లపొగ ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకపోతే డీజిల్ సరిగా మండటం లేదు, లేదా కూలెంట్ లోపలికి చేరుతోంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు నల్లపొగ కొంత సహజం, మబ్బులా కమ్మితే ఫిల్టర్, నాజిళ్లు, పంపు చూపించాలి.

రెండు సిలిండర్ల ఇంజిన్‌కు ఒక ప్రత్యేకత ఉంది. నాలుగింటిలో ఒకటి బలహీనపడితే పావు వంతు శక్తి పోతుంది, రెండింటిలో ఒకటి పోతే సగం పోయినట్టే. ఏస్, సూపర్ క్యారీ వంటి బళ్లలో కంప్రెషన్ గేజ్ పెట్టి రెండు సిలిండర్ల అంకెలూ చూడటానికి అయ్యే ఖర్చుకు వెనకాడకండి. రెండూ దగ్గరదగ్గరగా ఉండాలి.

అన్నిటికన్నా చవకైన పరీక్ష పొల్యూషన్ సెంటర్లో దొరుకుతుంది. డాష్‌బోర్డులో ఉన్న సర్టిఫికెట్‌తో తృప్తిపడకుండా బండిని మీ కళ్లముందే పరీక్ష చేయించండి. డీజిల్ బళ్లకు పొగ సాంద్రతను కె విలువగా అచ్చు వేస్తారు. బీఎస్-4కు ముందటి బళ్లకు పరిమితి 2.45, బీఎస్-4 బళ్లకు 1.62. పాత ఏస్‌కు 1.2 వస్తే ఇంజిన్ ఆరోగ్యంగా మండిస్తోందన్నమాట. 2.4 వస్తే పాసయినట్టే కానీ అంచు మీద ఉంది, ఆ అంకెను బేరంలో వాడుకోండి.

తర్వాత ట్రయల్. ఖాళీ బండితో ఊరి చుట్టూ తిరిగి రావడం వల్ల ఏమీ తెలియదు. పది బస్తాలు ఎక్కించి ఏదైనా ఎత్తు ఎక్కించండి. ఇంజిన్ శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. దిగుతున్నప్పుడు గేరు దానంతట అదే న్యూట్రల్‌కు తన్నుకొస్తుందేమో చూడండి. వెనక నుంచి వేగంతో పాటు పెరిగే ఊళ క్రౌన్‌దే. బరువు వేసి ట్రయల్ ఇవ్వనంటే ఆ బండి వద్దు. ఈ విషయంలో రాజీ పడకండి.

మీటర్ రీడింగును ఒంటరిగా నమ్మడానికి లేదు. ఎనిమిదేళ్ల కిరాయి బండి ఏడాదికి 18,000 చొప్పున లక్షా నలభై నాలుగు వేలు తిరిగి ఉండాలి. 62,000 చూపిస్తుంటే మిగతా సాక్ష్యాలు అడగాలి. క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ పట్టు, డ్రైవరు సీటు, డోరు కీళ్లు అరిగిన తీరు చూడండి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. బండి 2018ది, మీటర్ 30 వేలు, టైర్లు మాత్రం రెండోసారి మార్చినవైతే లెక్క కుదరదు.

కింద దూరి వెనక కమాన్ కట్టలో పట్టీలు లెక్కపెట్టండి. కుడి ఎడమల సంఖ్య ఒకటిగా ఉందా, కంపెనీ ఇచ్చినదానికన్నా పట్టీ ఎక్కువ వేయించారా? అదనపు పట్టీ ఉందంటే ఆ బండి బతుకంతా ఓవర్‌లోడే. ఛాసిస్ మీద వెల్డింగ్ అతుకులు, కొత్తగా కొట్టిన నల్లరంగు కనిపిస్తే ఆగి ఆలోచించండి.

గత జీవితం ఏమిటో కూడా అడిగి తెలుసుకోవాలి. భీమవరం వైపు రొయ్యలు, చేపలు తోలిన బండికి ఉప్పునీరు డాలా అడుగు నుంచి ఛాసిస్ దాకా తినేసి ఉంటుంది. పైన రంగు, లప్పం ఎంత నున్నగా ఉన్నా సుత్తితో మెల్లగా తట్టితే శబ్దంలో తెలిసిపోతుంది. ఇసుక తోలిన బండి నడుము వంగి ఉంటుంది. వాటర్ క్యాన్ల బండి తక్కువ కిలోమీటర్లే తిరుగుతుంది, కానీ వీధి వీధికీ ఆగి కదలడంతో క్లచ్చూ సెల్ఫ్ మోటారూ అరిగిపోతాయి. బట్టల షాపు, బేకరీ, మందుల ఏజెన్సీ బండి దొరికితే అది అదృష్టం.

వరద నీళ్లలో మునిగిన బండి ఇంకో రకం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం, మున్నేరు పొంగి ఖమ్మం మునిగినప్పుడు ఎన్నో బళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీటిని గాలిలా నొక్కలేం కనుక మునిగిన ఇంజిన్‌ను స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. సీటు స్ప్రింగుల తుప్పు, బెల్టు పూర్తిగా లాగినప్పుడు కనిపించే బురద చార, హెడ్‌లైట్ లోపల నీటి గీత, పాలలా తెల్లబడిన ఆయిల్, ఇవి చూసుకోండి. యాంత్రిక పంపు ఉన్న పాత ఇంజిన్‌ను విప్పి ఆరబెట్టి బతికించవచ్చు. కంప్యూటర్ ఉన్న బండిలో మాత్రం వైర్ల మొనలు తుప్పుపట్టి ఆరు నెలల తర్వాత ఒక్కొక్కటిగా మొరాయిస్తాయి.

నూటికి రూపాయి వడ్డీ

పాత బండి ఫైనాన్స్‌లో వినిపించే మాట ‘నూటికి రూపాయే అన్నా’ అని. 2 లక్షలు మూడేళ్లకు ఏడాదికి 12 శాతం ఫ్లాట్ వడ్డీ అంటే వడ్డీ 72,000, మొత్తం 2.72 లక్షలు, నెల కిస్తీ 7,556. కానీ మీరు నెలనెలా అసలు తీరుస్తూనే ఉన్నారు. చివరి నెలలో మీ దగ్గర మిగిలిన అసలు ఏడు వేల చిల్లరే, అయినా వడ్డీ మాత్రం 2 లక్షల మీదే వేశారు. తగ్గుతున్న బాకీ మీద లెక్కిస్తే ఇది ఏడాదికి 21 శాతం పైన పడుతుంది. అంటే నూటికి రూపాయి కాదు, రూపాయి ముప్పావలా. బ్యాంకు తగ్గే బాకీ మీద 15 శాతం అంటే ఎక్కువనిపించి, దీన్ని తక్కువనుకుని సంతకం పెట్టేవారిని చూస్తే బాధేస్తుంది. కిస్తీ ఎంత, ఎన్ని నెలలు, చేతికి ఎంత ఇస్తున్నారు, ఈ మూడూ రాయించుకుంటే చాలు. ప్రాసెసింగ్, డాక్యుమెంట్ ఖర్చులు ముందే కోసుకుంటే అసలు రేటు ఇంకా పెరుగుతుంది.

కాగితాలు

బండి వయసు ఎనిమిదేళ్ల లోపైతే ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) రెండేళ్లకోసారి, దాటితే ఏటా. కొనే రోజుకు ఎఫ్‌సీ గడువు ఎన్ని నెలలుందో చూడండి. రెండు నెలలే ఉంటే రంగు, లైట్లు, బ్రేకులు, టైర్ల ఖర్చు మీదే కనుక ఆ మేరకు ధర తగ్గించండి. వయసు పెరిగినకొద్దీ రుసుమూ పెరుగుతుంది. పన్ను, గ్రీన్ ట్యాక్స్, ఈ-చలానాల బకాయిలు రవాణా శాఖ, పోలీసు వెబ్‌సైట్లలో నంబరు కొట్టి మీరే చూసుకోవాలి. ‘పేపర్లన్నీ ఫోర్స్‌లో ఉన్నాయి’ అన్న హామీ సరిపోదు.

ఛాసిస్ నంబరు 17 అక్షరాలు. టాటాది ఎంఏటీ అని, మహీంద్రాది ఎంఏ1 అని, మారుతీది ఎంఏ3 అని, అశోక్ లేలాండ్‌ది ఎంబీ1 అని మొదలవుతుంది. ఆర్‌సీలోనిదీ, బండి మీద చెక్కిందీ అక్షరం అక్షరం పోల్చండి. ఆంగ్ల అక్షరాల్లో ఐ, ఓ, క్యూ ఇందులో వాడరు. అవి కనిపించాయంటే అంకెలను తప్పుగా చదివారు, లేదా నంబరును ఎవరో చెక్కారు.

సంతకాల దగ్గర ఫారం 29, ఫారం 30. ఫైనాన్స్ ఉండి తీరితే ఆ సంస్థ ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35. అమ్మినవారు అదే రాష్ట్రంలోనైతే 14 రోజుల్లో, వేరే రాష్ట్రమైతే 45 రోజుల్లో ఆర్టీవోకు తెలపాలి. కొన్నవారికి 30 రోజులు. బీమా పాలసీని 14 రోజుల్లో మీ పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టాలి. థర్డ్ పార్టీ రక్షణ బండితో పాటే వస్తుంది కానీ, పాలసీ మీ పేరుకు మారకముందు బండి దెబ్బతింటే ఓన్ డ్యామేజీ పరిహారం దక్కదు. అమ్మేవారికీ ఇది అంతే ముఖ్యం. రికార్డులో ఎవరి పేరుంటే వారే యజమాని, ప్రమాద పరిహారానికి బాధ్యులూ వారేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. బండి నాలుగు చేతులు మారినా తొలి పేరు అలాగే ఉంటే నోటీసు ఆ పేరుకే వెళ్తుంది. అందుకే ‘సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు ఉన్నాయి, ఎప్పుడైనా మార్చుకోవచ్చు’ అనే బండిని కొనకండి. అసలు యజమానిని ఆర్టీవో ఆఫీసుకు రప్పించగలిగితేనే మిగతా డబ్బు ఇవ్వండి.

బండి తీసుకున్న రోజు డెలివరీ నోటు రెండు ప్రతులు రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. బండి నంబరు, ఛాసిస్ నంబరు, మీటర్ రీడింగు, ఇచ్చిన సొమ్ము, మిగిలిన సొమ్ముతో పాటు తేదీ, గంట, నిమిషం కూడా రాయాలి. ఆ మధ్యాహ్నమే దారిలో చలానా పడినా, ఎవరికైనా తగిలినా, బండి అప్పుడు ఎవరి చేతిలో ఉందో ఆ నిమిషమే చెబుతుంది.